అచ్చయిన బోర్డుకు ప్యాచ్ లేదు

సర్క్యూట్ బోర్డులు డిజైన్ చేసేవాళ్ళు కొత్త వెర్షన్ సాఫ్ట్‌వేర్ మీద నోరు విప్పితే చాలు, జవాబు సిద్ధంగా ఉంటుంది. "మీకు మార్పంటే పడదు. చేతికి అలవాటైన మెనూ పక్కకు జరిగేసరికి కోపం వస్తోంది. బగ్స్ లేని సాఫ్ట్‌వేర్ ఎక్కడుంది? అంత ఇబ్బందిగా ఉంటే పాతదే వాడుకోండి." ఈ మాట అమ్మే కంపెనీలు అంటాయి. కొనే కంపెనీల్లో ఐటీ విభాగం వాళ్ళూ, మేనేజర్లూ అంటారు. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎన్నడూ ముట్టని తోటి ఇంజనీర్లు కూడా అంటారు. పదిమంది నోట పడీ పడీ ఇది ఇంగితజ్ఞానంలా చెలామణీ అవుతోంది. ఈ జవాబు తప్పు. డిజైనర్లది అలవాటు చెడిన చిరాకు కాదు. ఇంకా పూర్తికాని సరుకును డబ్బు తీసుకుని చేతిలో పెట్టి, దాన్ని పరీక్షించే పనినీ, అది తెచ్చే నష్టాన్నీ తమ నెత్తినే వేస్తున్నారన్నది వాళ్ళ ఫిర్యాదు. అది న్యాయమైన ఫిర్యాదు.

ఈ పని తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఇన్వర్టర్, ఈసీజీ యంత్రం, బోరు మోటారు కంట్రోలర్, ఏది విప్పినా లోపల ఆకుపచ్చ పలక ఒకటి కనిపిస్తుంది. దాని మీది రాగి గీతలే తీగలు. డిజైనర్ ముందు స్కీమాటిక్ గీస్తాడు. ఆ తరవాత లేఅవుట్‌లో ఒక్కో భాగాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో, ఏ గీత ఏ పొరలో ఎంత వెడల్పున పోవాలో, రెండు గీతల మధ్య ఎంత ఎడం ఉండాలో తేలుస్తాడు. నియమాలన్నీ పాటించాడో లేదో సాఫ్ట్‌వేరే తనిఖీ చేస్తుంది. దాన్నే డీఆర్‌సీ అంటారు. అది పచ్చజెండా ఊపాక, ఒక్కో పొర బొమ్మ ఉండే గెర్బర్ ఫైళ్ళు తీసి బోర్డు తయారుచేసే ఫ్యాబ్‌కు పంపుతారు. అక్కడ రాగి కరిగిపోతుంది, రంధ్రాలు పడతాయి. అక్కడి నుంచి వెనక్కి రావడం లేదు. వెబ్‌సైటులో తప్పు దొర్లితే సాయంత్రానికి సర్దుకోవచ్చు. బోర్డులో తప్పు దొర్లితే ఆ బోర్డులన్నీ చెత్తబుట్టకు పోతాయి, లేదా ఒక్కో బోర్డు మీద బ్లేడుతో గీత కోసి, సన్నని తీగతో అతుకు వేయాలి.

ఇక మార్పంటే భయమన్న ఆరోపణ. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళను పట్టుకుని అనదగ్గ మాటేనా ఇది? ఇదే వృత్తిలో పెద్దతరం వాళ్ళు పారదర్శకమైన మైలార్ షీటు మీద నల్లటి టేపు అంటించి, అసలు కొలతకు రెండింతలు, నాలుగింతలు పెద్దగా బోర్డు గీసేవాళ్ళు. దాన్ని ఫోటో తీసి కుదించేవారు. ఆ టేపూ బ్లేడూ పక్కన పడేసి కంప్యూటరు ముందు కూర్చున్నారు. డాస్ నుంచి విండోస్‌కు వచ్చారు. రెండు పొరల బోర్డుల నుంచి పది పన్నెండు పొరలకు పోయారు. కాళ్ళున్న చిప్పుల నుంచి అడుగున బంతుల వరసలున్న చిప్పులకు మారారు. మెమరీ చిప్పుకు వెళ్ళే గీతలన్నీ ఒకే పొడవు ఉండేలా సాఫ్ట్‌వేరే వంకీలు తిప్పిపెట్టే సదుపాయం వచ్చిన రోజున వాళ్ళకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. ఏ ఇతర వృత్తిలోనైనా ఒక్క ఉద్యోగ జీవితంలో పనిముట్లు ఇన్నిసార్లు మారడం అరుదు. ఇన్ని మార్పులకు ఎదురేగినవాళ్ళు ఒక మెనూ జరిగిందని అలిగి కూర్చున్నారంటే నమ్మడమెలా?

ప్రోటెల్ కథ చూడండి. ఆస్ట్రేలియాలో టాస్మేనియా ద్వీపంలోని హోబర్ట్ నగరంలో 1985లో నిక్ మార్టిన్ మొదలుపెట్టిన సంస్థ అది. లక్షలు పోసి వర్క్‌స్టేషన్లు కొనలేని చిన్న కంపెనీలకు మామూలు పీసీ మీద బోర్డు డిజైన్ చేసే వీలు కల్పించింది. దాని ప్రోటెల్ 99 ఎస్ఈ అనే వెర్షన్ ప్రపంచమంతా పాకింది. 2001లో సంస్థ పేరు ఆల్టియం అయింది. 2002లో డీఎక్స్‌పీ పేరుతో పైనుంచి కింది దాకా మారిన కొత్త వెర్షన్ వచ్చింది. 99 ఎస్ఈ వాడేవాళ్ళలో చాలామంది దానికి మారలేదు, ఏళ్ళ తరబడి పాతదాని మీదే పనిచేశారు. మార్పంటే భయమనేవాళ్ళు వేలెత్తి చూపే ఉదాహరణ సరిగ్గా ఇదే.

కాని వాళ్ళు పట్టుకుని వదలనిది ఏ 99 ఎస్ఈ? మొదటిరోజు డిస్కులో వచ్చింది కాదు. ఆరో సర్వీస్ ప్యాక్ ఎక్కించిన 99 ఎస్ఈ. ఆరు విడతల మరమ్మతు జరిగాక, ఎక్కడ గుంట ఉందో ఎక్కడ గట్టినేల ఉందో తెలిసిపోయాక వాళ్ళు దాన్ని నమ్మారు. ఇంకా మిగిలిన లోపాలు కూడా అందరికీ తెలిసినవే, వాటికి చుట్టుదారులూ తెలిసినవే. తెలిసిన లోపంతో పని చేయవచ్చు. డిజైనర్‌ను ముంచేది తెలియని లోపం. అందుకే నేను అనేది: వృత్తిలో ఉన్నవాడు ప్రేమించేది పాతదాన్ని కాదు, మరమ్మతు పూర్తయినదాన్ని. క్యాలెండరు చూసి ఏటేటా కొత్త వెర్షన్ దింపే పద్ధతిలో ఆ మరమ్మతు ఎన్నటికీ పూర్తి కాదు. ఒక వెర్షన్ కుదుటపడే వేళకు దాని గురించి పట్టించుకునేవాళ్ళు ఉండరు. కొత్త వెర్షన్‌లో లెక్క మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. సహాయ విభాగానికి ఒక లోపం రాసి పంపితే "తరవాతి వెర్షన్‌లో చూడండి" అనే జవాబు వస్తుంది. ఆ తరవాతి వెర్షన్‌లో ఆ లోపం పోయి ఉండవచ్చు. దానితోపాటు వచ్చినవాటి సంగతేమిటి?

బగ్స్ లేని సాఫ్ట్‌వేర్ లేదన్నది నిజమే. ఆ నిజాన్ని దేనికి వాడుతున్నారన్నదే నా అభ్యంతరం. లోపం తప్పదు కాబట్టి లోపానికి జవాబుదారీ అక్కర్లేదన్నట్టు మాట్లాడతారు. డొనాల్డ్ కనూత్ అనే గణిత, కంప్యూటర్ శాస్త్రవేత్త టెక్ అనే అచ్చుకూర్పు సాఫ్ట్‌వేర్ రాశాడు. తప్పు కనిపెట్టినవాళ్ళకు చెక్కు రాసి ఇచ్చేవాడు. చిన్న మొత్తంతో మొదలుపెట్టి ఏటేటా రెట్టింపు చేస్తూ 327 డాలర్ల 68 సెంట్ల దాకా తీసుకెళ్ళాడు. తాను చేసిన తప్పులన్నిటినీ జాబితాగా రాసి ప్రచురించాడు. మూడో వెర్షన్ తరవాత కొత్త సదుపాయాలు చేర్చనని ప్రకటించాడు. అప్పటి నుంచి మరమ్మతు చేసినప్పుడల్లా వెర్షన్ సంఖ్యకు గణితంలోని పై (π) విలువలో మరో అంకె చేరుతూ 2021 నాటికి 3.141592653 అయింది. సాఫ్ట్‌వేర్ ఒక స్థితికి వచ్చి స్థిరపడగలదని చూపిన మనిషి ఆయన. బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్ టెక్‌లాగా ఒకచోట ఆగిపోలేదు, ఒప్పుకుంటాను. చిప్పులు మారుతుంటే, వంగే బోర్డులు వస్తుంటే, వేగాలు పెరుగుతుంటే అదీ మారక తప్పదు. కాని తప్పును దాచకుండా జాబితా పెట్టడానికీ, మరమ్మతునూ కొత్తదనాన్నీ వేరువేరు గంపల్లో ఉంచడానికీ చిప్పుల వేగం అడ్డురాదు కదా.

పైగా లోపం తప్పదన్న మాట అన్ని రంగాలకూ ఒకే బరువుతో వర్తించదు. 1994లో ఇంటెల్ పెంటియం చిప్పులో భాగహారం తప్పు బయటపడింది. కొన్ని అరుదైన అంకెల జతలకు మాత్రమే తప్పు జవాబు వచ్చేది. అయినా సిలికాన్‌లో కూర్చున్న తప్పును ఫైలు పంపి దిద్దలేరు కాబట్టి చిప్పులు మార్చి ఇవ్వాల్సి వచ్చింది. ఇంటెల్ తన లెక్కల్లో 47.5 కోట్ల డాలర్లు ఖర్చు రాసుకుంది. హార్డ్‌వేర్‌లో తప్పు ఖరీదు అది. ఆ హార్డ్‌వేర్‌ను తయారుచేసే పనిముట్టును మాత్రం, ఫోటోలకు రంగులద్దే యాప్‌కు ఉన్నంత సహనంతో చూడమంటున్నారు.

దీనికి గట్టి ప్రతివాదం ఒకటుంది, దాన్ని దాటవేయను. "సాఫ్ట్‌వేర్ ఏం చేసినా చివరి బాధ్యత డిజైనర్‌దే. గెర్బర్ ఫైళ్ళు విడిగా తెరిచి చూసుకోవాలి. చూసుకోకుండా ఫ్యాబ్‌కు పంపినవాడిదే తప్పు." చూసుకోవాలన్న మాట సరైనదే. బాధ్యత గల ప్రతి డిజైనరూ చూస్తాడు కూడా. కాని ఏం చూడాలి, ఎంత చూడాలి, కంటికి ఏది కనిపిస్తుంది అన్న ప్రశ్నలు ఉన్నాయి.

మా దగ్గర జరిగిన ఒక సంగతి చెబుతాను. ఒక పవర్ సప్లై కంట్రోల్ బోర్డు, నాలుగు పొరలది, ఏళ్ళ తరబడి తయారవుతూ ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. ఒక కనెక్టరు మార్చి మళ్ళీ ఆర్డరు పెట్టమని కస్టమరు అడిగాడు. ఈలోగా సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌కు మారి ఉంది. పాత ఫైలు తెరిస్తే అది కొత్త పద్ధతిలోకి మార్చుకుంది. కనెక్టరు మార్చాం, డీఆర్‌సీ ఒక్క తప్పు కూడా చూపలేదు. ఫ్యాబ్‌లో జరిగే విద్యుత్ పరీక్షలో బోర్డులన్నీ పాసయ్యాయి. అసెంబ్లీ బెంచి మీద సోల్డరింగ్ చేసే అమ్మాయి పిలిచింది. "సార్, ఈ పిన్నుకు ఎంతసేపు ఐరన్ పెట్టినా టంకం పారుతలేదు" అంది.

కారణం ఇది. బోర్డు లోపలి పొరలో గ్రౌండ్ కోసం పరిచే పెద్ద రాగి రేకు వేడిని పీల్చేస్తుంది. అందుకని ఆ రేకుకు తగిలే పిన్ను చుట్టూ రాగి తీసేసి, నాలుగు సన్నని కాళ్ళతో మాత్రమే కలుపుతారు. అలా చేస్తే కరెంటు పారుతుంది, వేడి మాత్రం తొందరగా జారిపోదు. థర్మల్ రిలీఫ్ అంటారు. పాత ఫైల్లో గ్రౌండ్ పిన్నుల కోసం ప్రత్యేకంగా రాసి ఉన్న నియమం, ఫైలును కొత్త పద్ధతిలోకి మార్చేటప్పుడు జారిపోయింది. దాని స్థానంలో సాఫ్ట్‌వేర్ తన మామూలు నియమం పెట్టుకుంది. పిన్నులు నేరుగా రేకుకు అతుక్కున్నాయి. నియమమే లేనప్పుడు నియమం తప్పిందని డీఆర్‌సీ ఎలా చెబుతుంది? విద్యుత్ పరీక్షకు కావలసింది కలిసి ఉండటమే, అవి కలిసే ఉన్నాయి. గెర్బర్ చూసేవాడు తాను మార్చిన కనెక్టరు దగ్గర వంద రకాలుగా చూస్తాడు, ఏళ్ళుగా మారని లోపలి పొరలో కాదు. బోర్డులు చూపుకు చక్కగా ఉన్నాయి, కొలతకు చక్కగా ఉన్నాయి. వాటిలో వేసిన అతుకులు మాత్రం పొలంలోనో ఫ్యాక్టరీలోనో కొన్ని నెలలు అదిరాక విడిపోయే రకం. ఆ అమ్మాయి చెయ్యి ఆగకపోతే అవి అలాగే వెళ్ళిపోయేవి.

చూసుకోవాలి అనేవాళ్ళు ఈ సంగతి ఆలోచించాలి. గీసేదీ సాఫ్ట్‌వేరే, తనిఖీ చేసేదీ సాఫ్ట్‌వేరే. రెండూ ఒకే డేటాను చదువుతాయి. డేటాయే చెడితే రెండూ కలిసి ఒకే అబద్ధం చెబుతాయి. ఫ్యాబ్ వాళ్ళు గెర్బర్‌ను పోల్చి చూసే నెట్‌లిస్టు ఫైలు కూడా అదే సాఫ్ట్‌వేర్ ఇచ్చినది. ఏ పిన్ను దేనికి కలవాలో అది చెబుతుంది. ఎలా కలవాలో చెప్పదు. ప్యాడ్ మీద పచ్చపూత ఎంత తెరిచి ఉండాలి, స్టెన్సిల్‌లో కిటికీ ఎంత ఉండాలి, పొరలను కలిపే రంధ్రం (వయా) మీద మూత ఉందా లేదా, ఇవేవీ అందులో ఉండవు. అప్‌గ్రేడ్ తరవాత వీటిలో ఏది మారిందో తెలుసుకోవాలంటే బోర్డు మొత్తాన్ని మొదటిసారి గీసినట్టుగా పొరపొరా చూడాలి. పాత బోర్డులు వందల్లో ఉన్న సంస్థలో ఆ పని ఎవరు చేస్తారు, ఎవరి జీతంతో చేస్తారు? కొత్త వెర్షన్ ధర చెప్పేటప్పుడు ఏ అమ్మకందారూ ఈ ఖర్చు చెప్పడు. పనిముట్టు మీద నమ్మకం పోయిన చోట డిజైనర్ బాధ్యత పెరగదు, అతని పనే అసాధ్యమవుతుంది. కొలబద్ద నిజం చెబుతుందన్న నమ్మకం మీదే ఏ పనివాడైనా కొలుస్తాడు.

"అయితే పాతదే వాడుకోండి." ఇది వినడానికి స్వేచ్ఛలా ఉంటుంది, నిజానికి ఆ దారి మూసే ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సహాయం 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కంప్యూటరు మారితే దాని మీద పాత సాఫ్ట్‌వేర్ ఎక్కుతుందన్న హామీ లేదు. ఎక్కినా లైసెన్స్ సర్వరు గుర్తించాలి. అదీ జరిగినా, కస్టమరు కొత్త వెర్షన్‌లో పంపిన ఫైలు పాతదానిలో తెరుచుకోదు. ఈ వృత్తిలో ఒక్కడు మారితే అతనితో పని చేసే పదిమందీ మారాల్సిందే. హైదరాబాదులో ఒక చిన్న డిజైన్ సంస్థ ఏ వెర్షన్ వాడాలో ఆ సంస్థ నిర్ణయించదు. దాని కస్టమర్లలో అందరికంటే పెద్దవాడు నిర్ణయిస్తాడు. భద్రతా కారణాలతో మారక తప్పదన్నది ఐటీ విభాగం వాదన. భద్రతకు సంబంధించిన మరమ్మతు తప్పకుండా రావాలి. దానితో కట్టగట్టి కొత్త లేఅవుట్ ఇంజనును కూడా ఇవ్వాలని ఏ భద్రతా సూత్రమూ చెప్పదు.

వెర్షన్ తేడాను చిన్నచూపు చూస్తే ఏమవుతుందో ఎయిర్‌బస్ చూసింది. ఏ380 విమానంలో తీగల పొడవు మొత్తం 500 కిలోమీటర్లకు పైమాట. జర్మనీ, స్పెయిన్ కేంద్రాలు కటియా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ నాలుగో వెర్షన్‌లో, ఫ్రాన్స్, బ్రిటన్ కేంద్రాలు ఐదో వెర్షన్‌లో పని చేశాయి. హాంబర్గ్ నుంచి వచ్చిన తీగల కట్టలు టూలూజ్‌లో విమానానికి అమర్చబోతే సరిపోలేదు. 2006 జూన్‌లో ఆలస్యం ప్రకటించగానే మాతృసంస్థ ఈఏడీఎస్ వాటా ధర ఒక్కరోజులో నాలుగో వంతుకు పైగా పడిపోయింది. అందరూ అప్‌గ్రేడ్ అయివుంటే ఈ గొడవ ఉండేది కాదు కదా అని నా ప్రత్యర్థి అనవచ్చు. నేను అడిగేదీ అదే, సగం మంది ఎందుకు మారలేదు? ఐదో వెర్షన్ నాలుగోదానికి మెరుగుదల కాదు, పునాది నుంచి కొత్తగా రాసిన వేరే సాఫ్ట్‌వేర్. పాతదానిలో గీసినవి అందులోకి నిండుగా రావు. నడుస్తున్న ప్రాజెక్టు మధ్యలో అలాంటి గెంతు వేయడానికి బుద్ధి ఉన్న ఇంజనీరెవడూ ఒప్పుకోడు. పేరు ఒకటే ఉంచి లోపలిది మార్చేసి, దాన్ని అప్‌గ్రేడ్ అని పిలిచిన చోటే ప్రమాదం మొదలైంది.

చందా పద్ధతి వచ్చాక ఈ కష్టాలు తీరతాయన్నారు. ఒకేసారి పెద్దమొత్తం కట్టించుకునే రోజుల్లో కొత్త సదుపాయాలు చూపితేనే అమ్మకం జరిగేది, ఇప్పుడు ఏటేటా డబ్బు వస్తుంది కాబట్టి తీరుబడిగా మరమ్మతులు చేస్తారని వాదించారు. ఈగల్ అనే సాఫ్ట్‌వేర్‌కు ఏమైందో చూద్దాం. జర్మనీలో 1988లో పుట్టింది. అభిరుచి కొద్దీ బోర్డులు చేసుకునేవాళ్ళ నుంచి చిన్న కంపెనీల దాకా నమ్ముకున్నారు. 2016లో ఆటోడెస్క్ కొన్నది. 2017 జనవరిలో శాశ్వత లైసెన్స్ ఎత్తేసి చందా పెట్టింది. 2026 జూన్ 7 నుంచి దాన్ని అమ్మబోమనీ, సహాయం కూడా ఇవ్వబోమనీ 2023 జూన్‌లో ప్రకటించింది. ఫైళ్ళు తన మరో సాఫ్ట్‌వేర్ ఫ్యూజన్‌లో తెరుచుకుంటాయని చెప్పింది, అది నిజమే. అయితే చందా కట్టినవాడికి మిగిలిందేమిటి? ఆగిపోయిన పనిముట్టు కూడా చేతిలో మిగల్లేదు. శాశ్వత లైసెన్స్ ఉన్న పాత వెర్షన్‌ను మార్చకుండా ఉంచుకున్నవాడికి అదైనా ఉంది. అతన్నే కదా ఇన్నాళ్ళూ వెనకబడ్డవాడన్నారు.

ఆల్టియం చాలా ఏళ్ళు తన వాటాదారులకు చెప్పుకున్న లక్ష్యం లక్షమంది చందాదారులు. 2024లో జపాన్ చిప్పుల సంస్థ రెనెసాస్ దాన్ని 910 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు కొన్నది. లాభార్జన మీద నాకు ఏ వ్యతిరేకతా లేదు. లక్ష్యం దేనితో కొలుస్తారో శ్రమ దాని వైపే పారుతుందని మాత్రం అంటున్నాను. చందాదారుల సంఖ్యను పెంచేది కొత్తవాళ్ళకు చూపించే డెమో. మూడేళ్ళుగా తెరిచి ఉన్న ఒక లోపాన్ని మూసేస్తే కొత్త చందాదారు ఒక్కడూ రాడు, పాతవాడు ఊపిరి పీల్చుకుంటాడంతే. పాతవాడు ఎక్కడికీ పోలేడన్నది అందరికీ తెలుసు. అతని లైబ్రరీలు, ఫుట్‌ప్రింట్లు, పాతికేళ్ళ బోర్డులు అన్నీ ఆ ఒక్క పద్ధతిలోనే బందీగా ఉన్నాయి. చందా వల్ల కంపెనీకి నిలకడైన ఆదాయం వచ్చింది. ఆ నిలకడ పనిముట్టులోకి దానంతటదే రాలేదు.

చట్టం ఏమైనా ఆదుకుంటుందా? ఈ సాఫ్ట్‌వేర్ల లైసెన్స్ ఒప్పందాల్లో సాధారణంగా ఉండే షరతులు రెండు. సరుకు ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నామని ఒకటి, నష్టం ఎంతయినా మీరు కట్టిన రుసుముకు మించి మాకు బాధ్యత లేదని మరొకటి. మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపార ప్రయోజనం కోసం కొన్నవాళ్ళను వినియోగదారులుగా లెక్కించదు. సొంత జీవనోపాధి కోసం కొన్న ఒంటరి పనివాడికి మాత్రమే మినహాయింపు. ఐరోపా సమాఖ్య 2024లో తెచ్చిన ఉత్పత్తి బాధ్యత ఆదేశం సాఫ్ట్‌వేర్‌ను కూడా ఉత్పత్తిగా గుర్తించింది, అది పెద్ద అడుగే. అదీ వ్యక్తులకు కలిగిన నష్టానికే పరిమితం, కేవలం వృత్తి కోసం వాడే ఆస్తికి వర్తించదు. నాసిరకం మిక్సీ కొన్న ఇల్లాలికి ఉన్న రక్షణ, లక్షలు పోసి పనిముట్టు కొన్న డిజైన్ సంస్థకు లేదు. వృత్తిలో ఉన్నవాడు బేరమాడగలడు, తన మేలు తాను చూసుకోగలడని చట్టం అనుకుంటుంది. హైదరాబాదు చర్లపల్లిలో పదిమందితో నడిచే యూనిట్ ఏ అంతర్జాతీయ కంపెనీతో ఒప్పందం మీద బేరమాడుతుంది?

ఇదంతా తప్పనిసరి అనుకోవడానికి కారణమేమీ లేదు. విమానాల ఎలక్ట్రానిక్స్ తయారుచేసేవాళ్ళు డీఓ-254 అనే ప్రమాణం కింద పనిచేస్తారు. అక్కడ వాడే పనిముట్టు నమ్మదగినదో కాదో కూడా తేల్చి చూపించాలి. అందుకే ప్రాజెక్టు మధ్యలో వెర్షన్ మార్చడానికి వాళ్ళు జంకుతారు. వాళ్ళను వెనకబడ్డవాళ్ళని ఎవరూ అనరు, జాగ్రత్తపరులంటారు. అదే జాగ్రత్త ఇన్వర్టర్ డిజైన్ చేసేవాడు చూపితే మొండితనం అవుతోంది. ఉబుంటు లినక్స్ రెండేళ్ళకోసారి ఒక దీర్ఘకాల వెర్షన్ ఇచ్చి, ఐదేళ్ళు దానికి మరమ్మతులు మాత్రమే చేస్తుంది. కొత్తవి కావలసినవాళ్ళు మధ్యలో వచ్చేవి తీసుకుంటారు. రెండు రకాలవాళ్ళూ బతుకుతున్నారు.

బోర్డు డిజైన్‌లోనే కైక్యాడ్ ఉంది. 1992లో ఫ్రాన్సులో జాఁ పియేర్ షరాస్ మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్. 2013 నుంచి సెర్న్ పరిశోధన సంస్థ కూడా చెయ్యి వేసింది. దానిలోనూ లోపాలున్నాయి. దాని కొత్త వెర్షన్‌లో దాచిన ఫైలు పాతదానిలో తెరుచుకోదు, ఆ విషయంలో నాకు దాని మీదా ఫిర్యాదే. కాని ఒక ప్రధాన వెర్షన్ విడుదలయ్యాక ఆ వరసలో వచ్చేవి మరమ్మతులే, కొత్త సదుపాయాలు తరవాతి వెర్షన్‌కు ఆగుతాయి. తెలిసిన లోపాల పట్టిక ఎవరైనా చూడవచ్చు. ఫైళ్ళు మామూలు అక్షరాల్లో ఉంటాయి కాబట్టి నిన్నటికీ ఇవాళ్టికీ ఏ వరస మారిందో పోల్చుకోవచ్చు. మా పవర్ సప్లై బోర్డు ఫైలు అలాంటి పద్ధతిలో ఉండి ఉంటే, జారిపోయిన నియమం పోలికలో పట్టుబడేది. ఈగల్ కూడా 2012లో ఆరో వెర్షన్ నుంచి ఫైళ్ళను చదవగలిగే పద్ధతిలో రాయడం మొదలుపెట్టింది. ఆ ఒక్క మంచి నిర్ణయం వల్లే 2018లో కైక్యాడ్ ఐదో వెర్షన్ ఈగల్ ప్రాజెక్టులను స్కీమాటిక్‌తో సహా తెరవగలిగింది. డబ్బు లేని ప్రాజెక్టు చేయగలిగింది కోట్ల ఆదాయం ఉన్న సంస్థకు సాధ్యం కాదంటే నేను నమ్మను.

ఈ సాఫ్ట్‌వేర్లు రాసేవాళ్ళ మీద నాకు కోపం లేదు. హైదరాబాదు, బెంగళూరు, నోయిడాల్లోని డిజైన్ సాఫ్ట్‌వేర్ సంస్థల్లో మన తెలుగువాళ్ళు ఎందరో ఉన్నారు. ఏ భాగం ఇంకా పచ్చిగా ఉందో విడుదల తేదీకి ముందు వాళ్ళకే అందరికంటే బాగా తెలుస్తుంది. ఆ తేదీని జరపగల అధికారం వాళ్ళ చేతిలో ఉండదు. వాడేవాళ్ళ ఫిర్యాదును "మార్పంటే భయం" అని కొట్టిపారేసిన ప్రతిసారీ, లోపల ఉండి ఇంకా నెల ఆగుదామని వాదించే ఆ ఇంజనీర్ల నోరు కూడా మూసినట్టే.

నేను కోరేది అతి చిన్న పరీక్ష. పాత వెర్షన్‌లో పూర్తయి, తయారీకి వెళ్ళి, సవ్యంగా నడుస్తున్న బోర్డు ఫైలును కొత్త వెర్షన్‌లో తెరవాలి. ఏమీ ముట్టుకోకుండా గెర్బర్ తీయాలి. పాత గెర్బర్ మీద దీన్ని పరిచి చూస్తే ఏ పొరలోనూ తేడా ఉండకూడదు. తేడా ఉంటే అది ఎక్కడ, ఏ నియమం మారడం వల్ల వచ్చిందో సాఫ్ట్‌వేర్ తానే చెప్పాలి, డిజైనర్ ఒప్పుకున్నాకే ముందుకు పోవాలి. ఈ పరీక్షను వేల పాత బోర్డుల మీద విడుదలకు ముందే యంత్రమే నడపగలదు, మనుషులు కూర్చోనక్కర్లేదు. కంపెనీలు ఆ పని చేసి ఫలితాలు బయటపెట్టాలి. అవి చేసేదాకా చందా పునరుద్ధరణ కాగితం మీద సంతకం పెట్టే ముందు మనమే చేయాలి. మన పాత బోర్డుల్లో బాగా చిక్కైనవి మూడు తీసి, అమ్మకందారు ప్రతినిధి వచ్చినప్పుడు ఆయన తెచ్చిన కొత్త వెర్షన్‌లోనే తెరిపించి, ఆయన ఎదుటే గెర్బర్ తీయించి, పాతవాటితో పోల్చమనాలి. తేడా వస్తే దాన్ని లోపంగా నమోదు చేసుకుని సంఖ్య ఇవ్వమని అడగాలి. అది సరిచేసేదాకా పాత వెర్షన్ లైసెన్స్‌ను అదే రుసుములో నడవనివ్వాలని కొనుగోలు ఆర్డరులోనే రాయించుకోవాలి.